హార్డ్ డిస్క్ మార్చే ముందు: గేమ్ కన్సోల్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో 2017లో కొన్న ప్లేస్టేషన్ 4 స్లిమ్ ఉంది. డిస్క్ 500 జీబీ. నేను, మా ఇద్దరు పిల్లలు ముగ్గురం వేర్వేరు యూజర్ల పేర్లతో ఆడుతుంటాం. మూడు నెలలుగా గేము మధ్యలో ఆగిపోయి సీఈ-34878-0 అనే లోపం చూపుతోంది. మెనూలు కదలడానికి చాలాసేపు పడుతోంది, లోపలి నుంచి అప్పుడప్పుడు టిక్కు టిక్కుమని శబ్దం వస్తోంది. రిపేరు దుకాణంలో చూపిస్తే హార్డ్ డిస్క్ మార్చాలని, మారిస్తే ఉన్నదంతా పోతుందని చెప్పారు. పిల్లలు ఏళ్ల తరబడి ఆడుకుంటూ వచ్చిన గేములు పోకుండా 1 టీబీ డిస్క్ వేసుకునే దారి ఉందా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దారి ఉంది. అయితే మీ డిస్క్ ఇప్పటికే శబ్దం చేస్తోంది కనుక పనులను ఏ వరుసలో చేస్తారన్నదే ముఖ్యం. దుకాణదారు చెప్పిన మాట సగమే నిజం. కొత్త డిస్క్ ఖాళీగా వస్తుంది, అందులో సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండదు. కానీ పాత డిస్క్‌లో ఉన్నవాటిని ముందే బయటికి తీసి పెట్టుకునే ఏర్పాటు కన్సోల్‌లోనే ఉంది. డిస్క్ మార్చుకునే పద్ధతిని సోనీ సంస్థ కూడా తన సహాయ పత్రాల్లో వివరించింది కాబట్టి ఇది దొంగచాటుగా చేసే పని కాదు.

మొదట ఆ డిస్క్‌లో ఏమున్నాయో వేరు చేసి చూడండి. స్థలంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించేవి గేములు. ఒక్కొక్కటి 40, 50 జీబీలు, కొన్ని 100 జీబీ దాకా ఉంటాయి. కానీ అవి పోయినా తిరిగి వస్తాయి: డిస్క్ రూపంలో కొన్నవాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కొన్నవాటిని అదే అకౌంటుతో మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తిరిగి రానివి సేవ్ ఫైళ్లు, అంటే మీ పిల్లలు ఎంతవరకు ఆడారో, ఏమేమి గెలుచుకున్నారో గుర్తుంచుకునే చిన్న చిన్న ఫైళ్లు. చాలా గేముల్లో అవి కొన్ని ఎంబీలకు మించవు. ముగ్గురివీ కలిపినా ఒక మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టవచ్చు. ఆ కాస్త డేటాను ఈ రోజే బయటికి తీయండి. కొత్త డిస్క్ ఏది కొనాలి, ఎక్కడ కొనాలి అన్న ఆలోచన రేపు చేసుకోవచ్చు.

అందుకు పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి కన్సోల్‌కు పెట్టండి. విండోస్ కంప్యూటర్లలో ఎక్కువగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ప్లేస్టేషన్ 4 చదవదు. సెట్టింగ్స్‌లోని 'అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్'లోకి వెళ్లి, సిస్టమ్ స్టోరేజీలో ఉన్న సేవ్ డేటాను యూఎస్‌బీకి కాపీ చేయమని ఎంచుకోండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: ఈ మెనూలో కనిపించేవి ఆ సమయంలో లాగిన్ అయి ఉన్న యూజరు సేవ్ ఫైళ్లు మాత్రమే. మీ పేరుతో కాపీ చేసి పని అయిపోయిందనుకుంటే పిల్లల ఫైళ్లు ఒక్కటి కూడా పెన్‌డ్రైవ్‌లోకి చేరవు. ముగ్గురూ విడివిడిగా లాగిన్ అయి ముగ్గురివీ కాపీ చేయాలి. తరువాత అదే మెనూలో యూఎస్‌బీ స్టోరేజీలో ఉన్న సేవ్ డేటా అనే భాగాన్ని తెరిచి, ఒక్కొక్క గేము పేరు అక్కడ కనిపిస్తోందో లేదో చూడండి. అలా కళ్లతో చూసి నిర్ధారించుకున్న తరువాతే కాపీ అయినట్లు లెక్క. ప్లేస్టేషన్ ప్లస్ (సోనీకి చందా కట్టి తీసుకునే సేవ) సభ్యత్వం ఉన్నవారు ఇవే ఫైళ్లను క్లౌడ్‌లోకి కూడా పంపుకోవచ్చు. ఉంటే రెండు చోట్లా పెట్టుకోండి.

ఇదే సమయంలో ముగ్గురి అకౌంట్ల ఈమెయిలు, పాస్‌వర్డ్ పనిచేస్తున్నాయో లేదో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో సైన్‌ఇన్ అయి చూడండి. కన్సోల్ ఏళ్ల తరబడి దానంతట అదే సైన్‌ఇన్ అవుతూ ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ మరిచిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. రెండంచెల ధ్రువీకరణకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉండవచ్చు. కొత్త డిస్క్ వేశాక కన్సోల్ ఆ వివరాలు అడుగుతుంది. సేవ్ ఫైళ్లు కన్సోల్‌కు కాక అకౌంటుకు కట్టుబడి ఉంటాయి కనుక అకౌంటు తెరవలేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఫైళ్లు ఉన్నా ఉపయోగం లేదు. ట్రోఫీల (గేముల్లో సాధించినవాటికి గుర్తుగా దక్కే పతకాల) సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. బ్యాకప్‌లోకి ట్రోఫీలు రావు. ట్రోఫీల పేజీలో ఆప్షన్స్ నొక్కి ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌తో సింక్ చేస్తే అవి సర్వర్‌లో భద్రంగా ఉంటాయి. ఇది కూడా ప్రతి యూజరూ విడిగా చేయవలసిన పనే.

ఇంతవరకు అయితే అసలు గండం గడిచినట్లే. ఇక పూర్తి బ్యాకప్ సంగతి. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్'కు వెళితే 'బ్యాకప్ అండ్ రిస్టోర్' ఉంటుంది. 2015 మార్చిలో వచ్చిన 2.50 సాఫ్ట్‌వేర్‌తో ఈ సదుపాయం ప్లేస్టేషన్ 4లో చేరింది. ఇది యూజర్లందరి సేవ్ ఫైళ్లు, అమరికలు, ఫోటోలు, వీడియోలు, గేములు అన్నింటినీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి చేరుస్తుంది. గేములను చేర్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంటు లేకుండా కన్సోల్‌లో ఊరికే సృష్టించుకున్న యూజరు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, వారి సేవ్ ఫైళ్లకు ఈ పూర్తి బ్యాకప్పే నమ్మదగిన మార్గం, అది కూడా అదే కన్సోల్‌లోకి తిరిగి తెచ్చుకునేటప్పుడు మాత్రమే.

మీ విషయంలో నా సలహా ఏమిటంటే గేములను బ్యాకప్‌లో చేర్చకండి. సెకనుకు 40 ఎంబీ చొప్పున నడుస్తుందనుకున్నా 400 జీబీ కాపీ కావడానికి రెండు గంటల 47 నిమిషాలు పడుతుంది. శబ్దం చేస్తున్న డిస్క్‌తో అంతసేపు ఏకబిగిన పని చేయిస్తే, పాడైన చోటును చదవలేక బ్యాకప్ మధ్యలోనే ఆగిపోవచ్చు. గేములను వదిలేస్తే పని త్వరగా ముగుస్తుంది. ఇదే కారణంతో సేఫ్ మోడ్ (సమస్యలు సరిచేయడానికి కన్సోల్‌ను తెరిచే ప్రత్యేక విధానం)లోని అయిదో ఆప్షన్ 'రీబిల్డ్ డేటాబేస్'ను కూడా ఇప్పుడు వాడవద్దంటాను. గేములు ఆగిపోతున్నాయంటే ఎవరైనా మొదట చెప్పేది దాని గురించే, అది ఉపయోగపడే సాధనమే; కానీ అది డిస్క్ మొత్తాన్ని వెతుకుతూ పోతుంది. సేవ్ ఫైళ్లు చేతికి వచ్చాక దాన్ని ప్రయత్నించినా నష్టం లేదు. బ్యాకప్ జరుగుతుండగా కరెంటు పోకుండా ఇన్వర్టరు లేదా యూపీఎస్‌కు కన్సోల్‌ను కలిపి ఉంచండి. వేసవిలో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోకపోవడం ఇంకా మంచిది.

పూర్తి బ్యాకప్‌కు ముందే చేయవలసిన పని మరొక్కటి ఉంది. కన్సోల్‌ను తాజా సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ చేసి, ఆ తరువాతే బ్యాకప్ తీయండి. కొత్త డిస్క్‌లోనూ అదే వెర్షన్ ఉంటుంది కనుక రిస్టోర్ సమయంలో పేచీ రాదు. అప్పుడు కంప్యూటర్‌లో ప్లేస్టేషన్ అధికారిక సైటు నుంచి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఫైలును దించుకోవాలి. అక్కడ రెండు ఫైళ్లు ఉంటాయి: ఒకటి మామూలు అప్‌డేటు, రెండోది రీఇన్‌స్టలేషన్ కోసం ఉద్దేశించినది. రెండోదాని పరిమాణం దాదాపు 1 జీబీ, అంటే మొదటిదానికన్నా బాగా పెద్దది. ఖాళీ డిస్క్‌కు కావలసింది ఈ పెద్ద ఫైలే. చిన్న ఫైలును తెచ్చి పెట్టుకుని, కన్సోల్ దాన్ని ఒప్పుకోకపోతే కొత్త డిస్కే పాడైందనుకుని తిరిగి ఇచ్చేసినవారు నాకు తెలుసు.

32 జీబీ లోపు పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, అందులో 'పీఎస్4' అనే పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల 'అప్‌డేట్' అనే పేరుతో మరో ఫోల్డరు సృష్టించండి. రెండు పేర్లూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. లోపల పెట్టే ఫైలు పేరు 'పీఎస్4అప్‌డేట్', చివర చుక్క పెట్టి 'పీయూపీ', ఇదీ పెద్ద అక్షరాల్లోనే. ఒకే ఫైలును రెండుసార్లు డౌన్‌లోడ్ చేస్తే కంప్యూటరు పేరు చివర బ్రాకెట్లో 1 అని చేరుస్తుంది. అది అలాగే ఉంటే కన్సోల్‌కు ఆ ఫైలు కనిపించదు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయవచ్చు. కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపండి. ముందున్న లైటు నారింజ రంగులో వెలుగుతోందంటే అది ఇంకా రెస్ట్ మోడ్‌లోనే ఉన్నట్లు. లైటు ఆరాక కరెంటు తీగ, హెచ్‌డీఎంఐ తీగ, మిగతావన్నీ తీసేయండి. స్లిమ్ మోడల్‌లో వెనుకవైపు ఒక మూలన చిన్న మూత ఉంటుంది, జారిస్తే వచ్చేస్తుంది. లోపల ప్లేస్టేషన్ గుర్తులైన త్రిభుజం, వృత్తం, ఇంటూ, చతురస్రం ముద్రించిన ఒక స్క్రూ కనిపిస్తుంది. దాన్ని చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పి, డిస్క్ ఉన్న లోహపు చట్రాన్ని మెల్లగా బయటికి లాగండి. చట్రానికి డిస్క్‌ను పట్టి ఉంచే స్క్రూలు నాలుగు ఉంటాయి. వాటి చుట్టూ ఉండే రబ్బరు ముక్కలు డిస్క్ అదురును తగ్గించడానికి పెట్టినవి, పారేయకండి. కొత్త డిస్క్‌ను పాతది ఉన్న దిశలోనే చట్రంలో బిగించి, లోపలికి తోసి, స్క్రూ వేసి, మూత పెట్టేయండి. దీనికోసం కన్సోల్‌లోని మరే భాగాన్నీ విప్పవలసిన అవసరం లేదు. ఎవరైనా పై కవరు మొత్తం ఊడదీయడం మొదలుపెడితే వద్దని ఆపండి.

ఇక కన్సోల్‌ను సేఫ్ మోడ్‌లో తెరవాలి. పవర్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే వెంటనే ఒకసారి, దాదాపు ఏడు సెకన్ల తరువాత మరోసారి బీప్ వినిపిస్తుంది. రెండో బీప్‌కు వేలు తీయాలి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ తీగతోనే కలిపి, నడుమ ఉన్న పీఎస్ బటన్ నొక్కండి. ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే తీగలు కొన్ని ఉంటాయి, వాటితో ఇక్కడ పని జరగదు. ఏడో ఆప్షన్, అంటే సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసేదాన్ని ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ నుంచి చదివి కొత్త డిస్క్‌ను అదే సిద్ధం చేసుకుంటుంది. ఈ దశలో సీఈ-34335-8 అనే లోపం వస్తే కన్సోల్‌కు డిస్క్ అందడం లేదని అర్థం. చాలాసార్లు చట్రం చివరిదాకా లోపలికి వెళ్లకపోవడమే దానికి కారణం. బయటికి తీసి మళ్లీ గట్టిగా తోస్తే సరిపోతుంది.

కొత్త డిస్క్‌పై కన్సోల్ తెరుచుకున్నాక, మీ పనులు ఏవీ మొదలుపెట్టకముందే 'బ్యాకప్ అండ్ రిస్టోర్'లో రిస్టోర్ చేయండి. రిస్టోర్ చేస్తే కన్సోల్‌లో అప్పటికి ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే రెండు రోజులు ఆడుకున్నాక గుర్తుకొచ్చి రిస్టోర్ చేయడం కొత్త నష్టాన్ని తెచ్చుకోవడమే అవుతుంది. పూర్తి బ్యాకప్ కుదరనివారు అకౌంటుతో లాగిన్ అయి, పెన్‌డ్రైవ్‌లోని సేవ్ ఫైళ్లను సిస్టమ్ స్టోరేజీలోకి కాపీ చేసుకుంటే చాలు. కొన్న గేముల మీద తాళం గుర్తు కనిపిస్తే కంగారు పడకుండా అకౌంట్ మేనేజ్‌మెంట్‌లో 'రిస్టోర్ లైసెన్సెస్' నొక్కండి.

పాత డిస్క్‌ను మాత్రం కనీసం ఒక నెల పాటు తుడవకుండా, మరే కంప్యూటరుకూ తగిలించకుండా దాచి ఉంచండి. ఏ గేము సేవ్ ఫైలో కాపీ కాలేదని ముగ్గురిలో ఎవరికైనా ఆలస్యంగా తెలియవచ్చు. దాన్ని విండోస్ కంప్యూటరుకు కలిపితే అందులోని సమాచారం అర్థం కాక ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడగవచ్చు. పిల్లలు అలవాటుగా సరే అని నొక్కితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

ప్రశ్న: నా కన్సోల్ మొదటి తరం ప్లేస్టేషన్ 4. డిస్క్ బాగానే ఉంది కానీ స్థలం చాలడం లేదు. 4 టీబీ హార్డ్ డిస్క్ వేయవచ్చా, లేక ఎస్‌ఎస్‌డీ కొనాలా? – ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: 4 టీబీ హార్డ్ డిస్క్ మీ కన్సోల్‌లో పట్టదు. ప్లేస్టేషన్ 4లో పట్టేవి 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను యంత్రానికి కలిపే ఒక పద్ధతి) డిస్కులు, అవి కూడా 9.5 మిల్లీమీటర్ల మందం దాటకూడదు. 7 మిల్లీమీటర్లవీ సరిపోతాయి. ఆ పరిమాణంలో 4 టీబీ హార్డ్ డిస్కులు 15 మిల్లీమీటర్ల మందంతో వస్తాయి. కనుక తిరిగే పళ్లాల హార్డ్ డిస్క్ అయితే 2 టీబీ దగ్గర ఆగిపోవాలి. కొనేటప్పుడు ధర కన్నా ముందు మందం అడగండి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్‌లలో డేటా దాచే డిస్క్) విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీ మోడల్‌కు కొంత మేలు జరుగుతుంది, అంతకు మించి ఆశించవద్దు. మొదటి ప్లేస్టేషన్ 4లోనూ, స్లిమ్‌లోనూ డిస్క్‌కు ఉన్న దారి సెకనుకు 3 గిగాబిట్ల సాటా. అంటే ఎంత వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా సెకనుకు 300 ఎంబీ దాటదు. 2016లో వచ్చిన ప్రో మోడల్‌లో ఇది 6 గిగాబిట్లు. అయినా తేడా తెలుస్తుంది, దానికి కారణం వేరు. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. గేము ఒకేసారి వేల చిన్న ముక్కలను అక్కడక్కడి నుంచి ఏరుకునేటప్పుడు ఈ నిరీక్షణలన్నీ కలిసి పెద్దవవుతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు కాబట్టి ఆ నిరీక్షణ ఉండదు. విశాలమైన లోకంలో తిరిగే గేములు ఎక్కువగా ఆడేవారైతే ఎస్‌ఎస్‌డీ ఖర్చు దండగ కాదు. క్రికెట్, ఫుట్‌బాల్ వంటివే ఆడేవారికి 1 టీబీ హార్డ్ డిస్క్‌తో పని గడిచిపోతుంది.

మీ డిస్క్ ఆరోగ్యంగా ఉందంటున్నారు కనుక మూడో దారి కూడా ఉంది. 2017 మార్చిలో వచ్చిన 4.50 సాఫ్ట్‌వేర్ నుంచి, 250 జీబీ నుంచి 8 టీబీ వరకు ఉండే యూఎస్‌బీ 3.0 డిస్క్‌ను బయటి నుంచి తగిలించి గేములను అందులోకి మార్చుకోవచ్చు. స్క్రూ విప్పే పని లేదు, డేటా పోయే భయమూ లేదు. సేవ్ ఫైళ్లు మాత్రం అప్పుడు కూడా లోపలి డిస్క్‌లోనే ఉంటాయి.

మార్చడానికే నిశ్చయించుకుంటే ఒక మాట. మొదటి తరం మోడళ్లలో డిస్క్ వెనుక మూలన ఉండదు. పైభాగంలో నిగనిగలాడే పలక ఉంటుంది, దాన్ని పక్కకు జారిస్తే డిస్క్ చట్రం కనిపిస్తుంది. తక్కిన పద్ధతంతా పైన విజయవాడ పాఠకునికి చెప్పినదే. 1 టీబీ డిస్క్ వేశాక తెర మీద దాదాపు 860 జీబీ మాత్రమే కనిపిస్తే మోసపోయాననుకోకండి. లెక్కపెట్టే తీరులోని తేడా వల్ల, సిస్టమ్ తన కోసం కొంత అట్టిపెట్టుకోవడం వల్ల అలా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ప్లేస్టేషన్ 4 పిడుగు పడిన రాత్రి కాలిపోయింది, మదర్‌బోర్డు పోయిందన్నారు. హార్డ్ డిస్క్ బాగానే ఉంది. అందులో మా అన్నయ్య సేవ్ ఫైళ్లు ఉన్నాయి. ఆయన ఉద్యోగానికి అమెరికా వెళ్లాడు. మరో పాత ప్లేస్టేషన్ 4 కొని ఈ డిస్క్ అందులో పెడితే అవి వస్తాయా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రావమ్మా. ఈ మాట చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. ప్లేస్టేషన్ 4 తన డిస్క్‌లోని సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి రాస్తుంది, ఆ లిపిని విప్పే తాళంచెవి అదే కన్సోల్ బోర్డులో ఉంటుంది. కన్సోల్‌కూ కన్సోల్‌కూ తాళంచెవి మారుతుంది. కనుక మరో కన్సోల్‌లో ఈ డిస్క్ పెడితే అది చదవలేక ఇనీషియలైజ్ చేయమంటుంది, అంటే ఉన్నదంతా తుడిచి కొత్తగా సిద్ధం చేయమంటుంది. ఒప్పుకున్నారంటే ఫైళ్లు శాశ్వతంగా పోతాయి. కంప్యూటరుకు కలిపి రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపినా ఇదే అడ్డంకి. డబ్బు తీసుకుని ఫైళ్లు తీసిస్తామని ఎవరైనా అంటే, తాళంచెవి ఎక్కడి నుంచి తెస్తారో ముందు అడగండి.

అయినా రెండు ఆశలున్నాయి. మొదటిది, మీ అన్నయ్యకు ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం ఉండి, ఆ కన్సోల్ ఆయన ప్రైమరీగా నమోదై, ఆటోమేటిక్ అప్‌లోడ్ అమరిక పెట్టి ఉంటే సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లోకి చేరి ఉండవచ్చు. ఆయన అమెరికాలోనే ఏ ప్లేస్టేషన్ 4లోనైనా తన అకౌంటుతో లాగిన్ అయి సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ స్టోరేజీని చూస్తే తెలిసిపోతుంది. ముందు ఆయనకు ఫోన్ చేయండి, ఇందులో ఖర్చేమీ లేదు.

రెండోది మీ పాత బోర్డే. పిడుగు పడినప్పుడు చాలాసార్లు మొదట దెబ్బతినేది కరెంటు అందించే పవర్ సప్లై, లేదా హెచ్‌డీఎంఐ భాగం. బోర్డు పోయిందని ఒక్క దుకాణంలో విని వదిలేయకుండా, బోర్డుపైని భాగాలను విడిగా మార్చి రిపేరు చేయగల నిపుణుడికి చూపించండి. అదే బోర్డు మళ్లీ లేస్తే అదే డిస్క్ మామూలుగా తెరుచుకుంటుంది. బోర్డు మొత్తం మార్చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, కన్సోల్ పనిచేస్తుంది కానీ డిస్క్ చదవదు. బోర్డు ఒక్కసారి లేచినా చాలు, మొదటి పనిగా అన్నయ్య సేవ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌కు తీయండి. వాటిని ఆయన అకౌంటుతో మరే ప్లేస్టేషన్ 4లోనైనా వాడుకోవచ్చు. అప్పటిదాకా ఆ డిస్క్‌ను ఏ యంత్రానికీ తగిలించవద్దు.

ప్రశ్న: పాత డిస్క్‌ను కంప్యూటర్‌లో క్లోన్ చేసి, ఆ కాపీని కన్సోల్‌లో పెట్టుకుంటే ఈ బ్యాకప్ గొడవంతా తప్పుతుంది కదా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అదే కన్సోల్‌లో పెట్టేటట్లయితే క్లోన్ పనిచేస్తుంది. లోపలి సమాచారం అర్థం కాకపోయినా ఉన్నదున్నట్లు సెక్టారు వెంట సెక్టారు కాపీ చేస్తే కన్సోల్ తన తాళంచెవితో దాన్ని చదువుకోగలదు. కానీ 500 జీబీ డిస్క్‌ను 1 టీబీ మీదకి క్లోన్ చేస్తే కన్సోల్‌కు కనిపించేది పాత 500 జీబీ హద్దులే. అదనపు స్థలం వృథాగా మిగిలిపోతుంది. స్థలం పెంచుకోవడానికి మారుస్తున్నవారికి అందుకే ఇది పనికిరాదు.

క్లోన్ అక్కరకొచ్చేది మరో సందర్భంలో. డిస్క్ పాడవుతూ ఉండి, కన్సోల్ సొంత బ్యాకప్ మధ్యలో ఆగిపోతున్నప్పుడు లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనాన్ని వాడవచ్చు. అది ముందు బాగున్న భాగాలన్నింటినీ కాపీ చేసి, చదవడానికి మొరాయించే భాగాలను చివరికి వదిలి, వాటి దగ్గరికి తరువాత మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రాణం పోతున్న డిస్క్ విషయంలో ఇదే సరైన పద్ధతి. అయితే ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారుగా రాస్తే ఖాళీ డిస్క్ వచ్చి పాత డిస్క్ మీద పడుతుంది. కమాండు రాసి ఎంటర్ నొక్కే ముందు రెండు డిస్కుల పరిమాణం, సీరియల్ నంబరు కాగితం మీద రాసుకుని సరిచూడండి.

ప్రశ్న: గేముల కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్క్‌లోనే బ్యాకప్ కూడా పెట్టవచ్చా? – గృహిణి, నెల్లూరు

జవాబు: వీలుపడదండీ. గేముల కోసం వాడే డిస్క్‌ను కన్సోల్ తన సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది, బ్యాకప్‌కేమో ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎఫ్ఏటీ32 డిస్క్ కావాలి. ఒకే డిస్క్ రెండు పనులూ చేయలేదు. ఈ తేడా తెలియక నేను ఒకసారి నష్టపోయాను: బ్యాకప్ తీసి పెట్టుకున్న డిస్క్‌ను తగిలించి, స్థలం పెంచుకుందామని 'ఫార్మాట్ యాజ్ ఎక్స్‌టెండెడ్ స్టోరేజ్' (గేముల కోసం డిస్క్‌ను ఫార్మాట్ చేసే ఆప్షన్) నొక్కాను. కన్సోల్ హెచ్చరించింది, నేను చదవకుండా దాటేశాను. మా అబ్బాయి రెండు వేసవి సెలవులు ఆడిన ఆట అలా పోయింది. అప్పటి నుంచి బ్యాకప్ డిస్క్ మీద కాగితం అంటించి తేదీతో సహా రాసి, కన్సోల్‌కు దూరంగా బీరువాలో పెడుతున్నాను. మీరూ రెండు డిస్కులు వేరుగా ఉంచుకోండి.

ప్రశ్న: నా దగ్గర ప్లేస్టేషన్ 3 ఇంకా పనిచేస్తోంది. కొన్ని సేవ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయబోతే కాపీ నిషిద్ధమని చూపిస్తోంది. డిస్క్ మార్చాలంటే ఏం చేయాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ప్లేస్టేషన్ 3లో కొన్ని గేముల తయారీదారులు తమ సేవ్ ఫైళ్లకు అలాంటి తాళం వేశారు. వాటిని విడిగా కాపీ చేయలేరు. కానీ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని 'బ్యాకప్ యుటిలిటీ'తో పూర్తి బ్యాకప్ తీస్తే అవి కూడా అందులోకి వస్తాయి. అయితే అదే కన్సోల్‌లోకి మాత్రమే తిరిగి వస్తాయి. మరో ప్లేస్టేషన్ 3లో పనిచేయవు. బ్యాకప్ పెట్టే డిస్క్ ఎఫ్ఏటీ32లో ఉండాలి, ఎక్స్‌ఫ్యాట్‌ను ఆ కన్సోల్ గుర్తించదు. మీ కన్సోల్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే బ్యాకప్ తీసి, అదే కన్సోల్‌లో కొత్త డిస్క్ వేసి, వెంటనే రిస్టోర్ చేయండి. ఇందులోనూ 9.5 మిల్లీమీటర్ల మందం లోపు 2.5 అంగుళాల సాటా డిస్కే సరిపోతుంది.

ప్రశ్న: ప్లేస్టేషన్ 5లో స్థలం పెంచుకోవడానికి కూడా ఇంత తతంగం ఉంటుందా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఉండదు. ప్లేస్టేషన్ 5లో అసలు నిల్వ బోర్డు మీదే అతికించి ఉంటుంది కాబట్టి దాన్ని తీసి మార్చే పనే లేదు. పక్కన ఎం.2 (సన్నని చిన్న పట్టీ ఆకారం) ఎస్‌ఎస్‌డీ కోసం ఖాళీ స్లాటు ఉంది. 2021 సెప్టెంబరు అప్‌డేటుతో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో పెట్టే ఎస్‌ఎస్‌డీ పీసీఐఈ (సాటా కన్నా వేగమైన అనుసంధాన పద్ధతి) నాలుగో తరానికి చెంది, సెకనుకు 5,500 ఎంబీ లేదా అంతకు మించిన వేగంతో చదివేదిగా, వేడిని వెళ్లగొట్టే హీట్‌సింక్‌తో కూడినదిగా ఉండాలని సోనీ సూచన. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టాక ఆ కొత్త ఎస్‌ఎస్‌డీనే కన్సోల్ ఫార్మాట్ చేస్తుంది, లోపలి డేటా జోలికి పోదు.

ఒక్క విషయంలో మాత్రం ప్లేస్టేషన్ 4 కన్నా ఇది ఇబ్బంది పెడుతుంది. ప్లేస్టేషన్ 5 గేముల సేవ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌కు కాపీ చేయలేరు. ప్లస్ సభ్యత్వం ఉంటే క్లౌడ్‌లోకి వెళతాయి. లేనివారికి మిగిలిన దారి యూఎస్‌బీ డిస్క్‌లోకి కన్సోల్ మొత్తాన్ని బ్యాకప్ తీయడమే. సభ్యత్వం లేకపోతే స్లాటు తెరవబోయే ముందు రోజు రాత్రి ఆ బ్యాకప్‌ను మొదలుపెట్టండి; గేములను చేర్చకపోతే అది తొందరగానే ముగుస్తుంది.